యూదు అనే పేరులోనే 'థాంక్స్' ఉంది: పాట, కృతజ్ఞత, మన తెలుగు యూదులు



ఈ ఎపిసోడ్ కొంచెం సిగ్గుపడే విషయంతో మొదలుపెడతా. పోయిన వారం పాత వీడియోలన్నీ కొత్త హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తూ కూర్చున్నా. అన్నీ సరిగ్గా కాపీ అయ్యాయో లేదో చూడాలని ఒక్కో వీడియో చివరి పది సెకన్లు ప్లే చేస్తూ పోయా. ప్రతిదాంట్లో నేనే. అదే నవ్వు, అదే చెయ్యి ఊపడం, అదే మాట. "థాంక్యూ సో మచ్, లవ్ యూ ఆల్." ముఖం కూడా తెలియని మీ అందరికీ ఇన్నిసార్లు చెప్పా. ఈ గోడకి అవతల, మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్న మా బాపుకి మాత్రం ఎప్పుడు చెప్పానా అని ఆలోచిస్తే, ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

"మన ఇళ్ళల్లో అట్లా చెప్పుకోం కదా అన్నా" అని మీలో సగం మంది ఇప్పటికే కామెంట్ టైప్ చేస్తుంటారు. నాకు తెలుసు. ఆ మాటకే వస్తున్నా, కానీ కాస్త చుట్టూ తిరిగి వస్తా. ఇవాళ టాపిక్ యూదులు. వార్తల్లో వచ్చే ఇజ్రాయెల్, యుద్ధం, రాజకీయం ఇవేవీ కాదు. వాళ్ళ పాట. వాళ్ళు థాంక్స్ చెప్పే పద్ధతి.

జమ్మికుంటలో కూర్చున్నోడికి యూదులతో ఏం పని అంటారా? తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారు, మీకు తెలుసా? ఎక్కడో న్యూయార్క్‌లో కాదు. గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అనే ఊళ్ళో. మన స్టేషన్‌లో రైలెక్కి వరంగల్, ఖమ్మం, విజయవాడ దాటి పోతే వచ్చే ఊరు. వాళ్ళు తమని తాము 'బెనె ఎఫ్రాయిం' అని పిలుచుకుంటారు, అంటే ఎఫ్రాయిం సంతానం అని. పాత ఇజ్రాయెల్ ప్రజల పన్నెండు గోత్రాల్లో పది తప్పిపోయాయని చెప్తారు కదా, అందులో ఎఫ్రాయిం ఒకటి. మేం ఆ గోత్రం వాళ్ళమే అని వీళ్ళ నమ్మకం. మాదిగ కుటుంబాలు. అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేల్ యాకోబి, సదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నడిస్తే, 1991లో ఊళ్ళో సినగాగ్ పెట్టుకున్నారు. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. శనివారం పని ఆపేస్తారు, పస్కా పండుగ చేస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. వీళ్ళ మీద యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పుస్తకం కూడా రాశారు, 'ది జ్యూస్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్' అని, 2013లో వచ్చింది. ఇజ్రాయెల్ మాత్రం వీళ్ళని యూదులుగా గుర్తించలేదు.

నిజంగా ఆ గోత్రమేనా, కాదా అనే గొడవలోకి నేను పోను. నన్ను పట్టుకున్న విషయం వేరే. ఊరు తమ మీద రుద్దిన పేరు పక్కన పెట్టి, వీళ్ళు ఇంకో పేరు ఎంచుకున్నారు. యూదు అనే పేరు. ఆ పేరుకి అర్థం ఏంటా అని వెతికితే ఒక ఆడమనిషి కథ దగ్గర తేలా.

ఆమె పేరు లేయా. యాకోబు అనే ఆయనకి ఇద్దరు భార్యలు, అక్కాచెల్లెళ్ళు. ఆయనకి ప్రేమ అంతా చిన్నామె రాహేలు మీద. లేయాని మామ మోసం చేసి అంటగట్టాడు. పాపం, లేయా పిల్లల్ని కంటూనే ఉంటుంది. మొదటి ముగ్గురు కొడుకుల పేర్లు చూడండి. ఒకటి చూడడం అనే మాట నుంచి, ఒకటి వినడం నుంచి, ఒకటి కలవడం నుంచి. అంటే, దేవుడు నా కష్టం చూశాడు, ఇక మొగుడు నన్ను ప్రేమిస్తాడు; నన్ను పట్టించుకోరన్న సంగతి దేవుడు విన్నాడు; ఇప్పుడన్నా నా మనిషి నాతో కలిసుంటాడు. ఆ పేర్లు పెట్టిన ప్రతిసారీ ఆమె చూపు ఆయన మీదే. నాలుగోవాడు పుట్టాడు. ఈసారి మొగుడి ఊసే లేదు. ఈసారి నేను థాంక్స్ చెప్తా అంది, అంతే. వాడి పేరు యెహూదా. మనం యూదా అంటాం. ఆ పేరు నుంచే యూదు అన్న మాట పుట్టింది.

గమనించారా? మొగుడు మారలేదు. ఇంట్లో పరిస్థితి మారలేదు. ఆమె మాత్రం మారింది. యూదుల తాల్ముదులో ఒక మాట ఉంది: లోకం పుట్టిన దగ్గర్నుంచి లేయా దాకా దేవుడికి థాంక్స్ చెప్పినవాళ్ళే లేరట. అబ్రాహాము, ఇస్సాకు లాంటి పెద్దపెద్దోళ్ళని దాటి, ఎవరూ ప్రేమించని ఒక భార్యకి ఇచ్చారు ఆ స్థానం.

ఇక్కడ భాష గురించి కొంచెం. హీబ్రూలో థాంక్స్ చెప్పడాన్ని 'హోదాఆ' అంటారు. ప్రత్యేక హోదా కాదు, నవ్వకండి. ఈ మాటకి ఇంకో అర్థం ఉంది: ఒప్పుకోవడం. తప్పు ఒప్పుకోవడం, బాకీ ఒప్పుకోవడం. రెండింటికీ ఒకే ధాతువు. నాకు ఇది చదివినప్పుడు లోపల ఎక్కడో తగిలింది. థాంక్స్ చెప్పడం మనకెందుకు కష్టమో ఇందులోనే ఉంది కదా. అవతలి మనిషి లేకపోతే నేను లేను అని ఒప్పుకోవాలి. సబ్‌స్క్రైబర్లకి చెప్పడం ఈజీ, ఎందుకంటే అక్కడ ఒప్పుకోవాల్సింది పెద్దగా ఏం లేదు. సారీ, మిమ్మల్ని తక్కువ చేయట్లేదు.

ఇంకో సరదా సంగతి. హీబ్రూలో ఇండియాని 'హోదు' అంటారు. ఎస్తేరు గ్రంథంలో పారసీక రాజు సామ్రాజ్యం హోదు నుంచి కూషు దాకా అని ఉంటుంది, ఆ హోదు మన దేశమే. అదే అక్షరాలు, అదే స్పెల్లింగ్, క్రియగా చదివితే "థాంక్స్ చెప్పండి" అని అర్థం. కీర్తనల్లో కొన్ని ఆ మాటతోనే మొదలవుతాయి. పుట్టుక వేరే, ఊరికే కలిసొచ్చింది. కానీ కొత్తరెడ్డిపాలెం పిల్లలు హీబ్రూ అక్షరాలు కూడబలుక్కుంటూ ఆ మాట దగ్గరికొస్తే తమ దేశం పేరు కనిపిస్తుంది కదా అనుకుంటే నాకు భలే అనిపించింది.

సరే, పాటకి వద్దాం.

యూదుల పాటల్లో తలకాయ లాంటిది సముద్రం పాట. కథ మీకు తెలిసే ఉంటుంది. ఈజిప్టులో బానిసలు, మోషే వాళ్ళని బయటికి తీసుకొస్తాడు, వెనక సైన్యం, ముందు సముద్రం, సముద్రం చీలుతుంది. అవతలి ఒడ్డుకి చేరాక అందరూ పాడతారు. ఆ పాటని ఇప్పటికీ రోజూ పొద్దున ప్రార్థనలో చదువుతారు. తోరా చుట్టలో దాన్ని మామూలు పేరాగ్రాఫ్‌లా రాయరు. ఇటుకలు పేర్చినట్టు, మధ్యమధ్య ఖాళీలు వదిలి రాస్తారు.

మోషే పాట అయ్యాక అక్క మిర్యాము లేస్తుంది. చేతిలో ఒక వాయిద్యం పట్టుకుని, వెనకాల ఆడవాళ్ళందరూ, ఆడుతూ పాడుతూ. నీళ్ళ ఒడ్డున ఆడవాళ్ళు గుంపుగా పాడుతున్నారంటే మన కళ్ళకి ఏం కనబడుతుంది చెప్పండి? నాకైతే సద్దుల బతుకమ్మ రోజు చెరువు కట్టే కనబడింది.

ఆ వాయిద్యం గురించి యూదుల పండితులు ఒక ప్రశ్న వేశారు. ఎడారిలో అది ఎక్కడి నుంచొచ్చింది? వీళ్ళు ఈజిప్టు నుంచి ఎంత తొందరలో బయటపడ్డారంటే రొట్టెల పిండి పులిసే టైం కూడా లేదు. అందుకే పస్కాకి పులియని రొట్టెలు తింటారు. మరి ఇదెవరు సర్దారు? వాళ్ళ జవాబు: ఆడవాళ్ళే సర్దారు. పాడాల్సిన రోజు వస్తుందని వాళ్ళకి నమ్మకం, అందుకే ముందే మూటలో పెట్టుకున్నారు. పిండి పులవకపోయినా ఫర్వాలేదు, వాయిద్యం మాత్రం మరిచిపోవద్దు.

హీబ్రూలో దాన్ని 'తోఫ్' అంటారు. గుండ్రటి చట్రానికి తోలు బిగించిన వాయిద్యం. మనోళ్ళకి ఇంకా వివరించాలా? డప్పు లాంటిదే.

మన ఊళ్ళల్లో డప్పు ఎవరి చేతిలో ఉండేదో, ఎవరి కోసం మోగేదో మనకి తెలుసు. దొర ఇంట్లో పెళ్ళయితే కొట్టాలి, పటేల్ ఇంట్లో చావయితే కొట్టాలి. వెట్టి. కొట్టినందుకు ఇంత గింజలు పెడితే దండం పెట్టాలి. తెలంగాణలో కృతజ్ఞత అనే మాటకి ఈ పాత వాసన ఉంది. "మా ఉప్పు తిని మాకే ఎదురు చెప్తవా" అనే మాట మా తాతల తరం ఎన్నిసార్లు విన్నదో. అందుకే "కృతజ్ఞతగా ఉండండి" అని ఎవరన్నా పైనుంచి చెప్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. థాంక్స్ అనేది కిందోడు పైవాడికి కట్టే శిస్తు కాదు కదా.

ఇక్కడే సముద్రం పాట నాకు నచ్చింది. అది ఫరోకి చెప్పే థాంక్స్ కాదు. ఇన్నేళ్ళు తిండి పెట్టావు సామీ అని కాదు. ఆయన చేతిలోంచి బయటపడ్డందుకు పాడిన పాట. మాదిగ కుటుంబాలు ఆ కథని తమ కథగా చేసుకున్నాయంటే, నా వరకు నాకు అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. మిర్యాము చేతిలో మోగింది వెట్టి డప్పు కాదు.

ఒక్క విషయం చెప్పి ముందుకు పోతా. అదే తాల్ముదులో ఇంకో కథ. సముద్రంలో ఈజిప్టు సైనికులు మునిగిపోతుంటే పైన దేవదూతలు కూడా పాడబోయారట. దేవుడు ఆపాడు. నా చేతుల్తో చేసినవాళ్ళు నీళ్ళలో పోతుంటే మీకు పాటా అని కోప్పడ్డాడు. బయటపడ్డవాళ్ళు పాడొచ్చు, పైనుంచి చూసేవాళ్ళకి ఆ హక్కు లేదు. ఇవాళ రేపు ఫోన్లో అవతలోళ్ళ చావుకి నవ్వుల ఎమోజీలు పెట్టే మనందరికీ, అన్ని దేశాలోళ్ళకీ కలిపి, ఇంతకన్నా ఏం చెప్పను.

ఇప్పుడు రోజువారీ సంగతి. యూదు భక్తులు పొద్దున కళ్ళు తెరవగానే, మంచం దిగకముందే ఒక చిన్న వాక్యం అంటారు. 'మోదే అని' అంటారు దాన్ని. 16వ శతాబ్దం చివర్లో సఫేద్ అనే ఊళ్ళో మోషే బెన్ మఖీర్ అనే రబ్బీ రాసిన పుస్తకంలో కనిపిస్తుంది. ప్రాణం తిరిగి ఇచ్చినందుకు థాంక్స్, అంతే విషయం. అందులో మాటల వరసే ముఖ్యం. థాంక్స్ ముందు వస్తుంది, 'నేను' తర్వాత వస్తుంది. నిద్ర లేచాక నోట్లోంచి వచ్చే మొదటి మాట 'నేను' కాకూడదని పెద్దలు చెప్తారు. మన మొదటి పని ఏంటి? చెయ్యి దిండు కిందికి పోతుంది, ఫోన్ కోసం. నేనేం మినహాయింపు కాదు. వ్యూస్ ఎన్నొచ్చాయో చూడకుండా పళ్ళు కూడా తోముకోను.

ఇక మీ కామెంట్‌కి వస్తా. మన దగ్గర చెప్పుకోం అన్నారు కదా. నిజమా? ముసలవ్వకి సంచి మోసి బస్సెక్కించండి. థాంక్స్ అనదు. "సల్లగుండు బిడ్డా" అంటది. ఒగ్గు కథ జరుగుతుంటే ఎవరన్నా లేచి నోటు ఇస్తే, ఆయన కథ ఆపి, ఇచ్చినోళ్ళ పేరు, ఊరు, పిల్లల పేర్లు చదివి దీవించి, మళ్ళీ కథలోకి పోతాడు. యూదుల్లో కూడా థాంక్స్ ఎక్కువగా 'బ్రాఖా' రూపంలోనే ఉంటుంది. బ్రాఖా అంటే దీవెన. రొట్టె తింటే ఒకటి, ఉరుము వింటే ఒకటి, బాత్‌రూమ్‌కి పోయొచ్చినా ఒకటి, నిజంగా. రోజుకి వంద చెప్పాలని లెక్క. కాబట్టి మనకి మాట లేదని కాదు. మన అవ్వలకి వచ్చిన మాట మనకి రాలేదు. మనం మధ్యలో ఇంగ్లీష్ థాంక్యూ నేర్చుకున్నాం, అది బయటోళ్ళకి వాడతాం, ఇంట్లో వాడితే నాటకంలా ఉంటుంది. అవ్వల మాట వాడదామంటే అంత వయసు లేదు. ఇట్లా రెండూ లేకుండా పోయాయి.

సినగాగ్‌లో ఒక పద్ధతి ఉంది, అది నన్ను బాగా ఇరికించింది. ప్రార్థన నడిపించే మనిషి అందరి తరఫున మొత్తం ప్రార్థనని గట్టిగా మళ్ళీ చదువుతాడు, మిగతావాళ్ళు వింటూ ఆమేన్ అంటారు. ఒక్క చోట మాత్రం ప్రతివాడూ నోరు తెరిచి సొంతంగా చెప్పుకోవాలి. 'మోదీమ్' అనే భాగం, థాంక్స్ చెప్పే భాగం. ఎందుకంటే, 14వ శతాబ్దం స్పెయిన్‌లో దావీద్ అబూదర్హమ్ అనే పండితుడు చెప్పిన కారణం ఇది: అడుక్కోవడం వేరేవాడి చేత చేయించొచ్చు, థాంక్స్ మాత్రం ఏజెంటు చేత చెప్పించలేం.

ఏజెంటు. మన కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు ఈ మాటకి ఒకటే అర్థం. గల్ఫ్.

తాల్ముదు ఒక లిస్టు ఇస్తుంది. నలుగురు తప్పనిసరిగా, నలుగురి ముందు థాంక్స్ చెప్పాలట. సముద్రం దాటి వచ్చినవాడు. ఎడారి దాటి వచ్చినవాడు. జబ్బు నుంచి లేచినవాడు. జైలు నుంచి విడుదలైనవాడు. పది మంది కూడిన చోట లేచి నిలబడి, నాకు ఇంత అర్హత లేకపోయినా మేలు జరిగింది అని దీవెన చెప్పాలి. విన్నవాళ్ళు ఊరికే ఉండకూడదు. నీకు ఎప్పుడూ ఇట్లాగే మేలు జరగాలి అని తిరిగి అనాలి. దాని పేరు 'హగోమెల్'.

సముద్రం, ఎడారి, జబ్బు, జైలు. ఎప్పుడో బాబిలోను పండితులు రాసుకున్న లిస్టు ఇది. చదవగానే నాకు మా బాపు ముఖం కనిపించింది.

బాపు యూఏఈలో ఐదేళ్ళు ఉన్నాడు. ఎడారి మధ్యలో లేబర్ క్యాంపు, బిల్డింగ్ పని. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర. జీతం ఆపేస్తే బయటికొచ్చి పని చూసుకున్నాడు, అంటే అక్కడి లెక్కలో 'ఖల్లివెల్లి' అయ్యాడు. పచ్చకామెర్లు వచ్చి లేచాడు. పట్టుబడి కొన్నాళ్ళు లోపలున్నాడు. 2007లో ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు వచ్చేశాడు. నాకు అప్పుడు పదేళ్ళు. నలుగురిలో నలుగురూ ఒక్క మనిషే.

ఆయన వచ్చిన రాత్రి నాకు గుర్తుంది. నేను బ్యాగ్ దగ్గర కూర్చున్నా. "బాపు, నాకేం దెచ్చినవ్?" అని అడిగా. రిమోట్ కారు కావాలని ఫోన్‌లో చెప్పి ఉన్నా కదా. బ్యాగ్‌లో రెండు సబ్బులు, ఒక టవలు, జండూబామ్ ఉన్నాయి. నేను ఏడ్చా. రెండో రోజు పొద్దున అప్పులాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బతికొచ్చినవా బిడ్డా అని పది మంది కూడి అన్నది లేదు. ఏం సంపాదించిండు అనే అందరూ అడిగారు. ఆ తర్వాత ఆయన పత్తి మార్కెట్లో బస్తాలు మోసి నన్ను బీటెక్ చదివించాడు. జాబ్ వచ్చినప్పుడు నేను హెచ్ఆర్‌కి థాంక్యూ మెయిల్ పెట్టా. టెంప్లేట్ కూడా గూగుల్ చేశా.

పస్కా రాత్రి యూదులు పాడే పాట ఒకటుంది, 'దయ్యేను'. "మాకు అదే చాలు" అని అర్థం. జరిగిన మేళ్ళు ఒక్కోటీ పేర్చుకుంటూ, ఇక్కడితో ఆగిపోయినా చాలు, ఇక్కడితో ఆగిపోయినా చాలు అంటూ పోతారు. లాజిక్ చూస్తే తప్పు. సముద్రం చీలి, అవతలి ఒడ్డుకి చేర్చకపోతే ఎట్లా చాలుతుంది? మునిగిపోతారు కదా! ఇంజనీర్ బుర్ర కదా, నేను అక్కడే ఆగిపోయా. తర్వాత బాపు బ్యాగ్ గుర్తొచ్చింది. డబ్బు రాలేదు, కారు రాలేదు, మనిషి వచ్చాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ ఆ పాట తెలియదు.

సరే, మొన్న ఆదివారం గోడ అవతలికి పోయా. కెమెరా లేదు, ముందే చెప్తున్నా. మంచం పక్కన కూర్చుని, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక, "బాపు, నువ్వు చేసినవాటికి నేనెప్పుడూ చెప్పలే, థాంక్స్" అన్నా.

ఆయన టీవీ సౌండ్ తగ్గించి నా దిక్కు చూశాడు. "ఎందుకురా? పైసలేమన్న గావాల్నా?"

మస్తు నవ్వొచ్చింది ఇద్దరికీ. నేను ఈ యూదుల లిస్టు సంగతి చెప్పా. సముద్రం, ఎడారి, జబ్బు, జైలు. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. విమానంల వస్తే సముద్రం దాటినట్టేనా అని అడిగాడు. చాలామంది రబ్బీలు అట్లనే అంటారు బాపు అన్నా. కాసేపు ఊరుకుని, నేను అడక్కుండానే చెప్పాడు.

"లోపలున్నప్పుడు మా రూముల ఒకాయన ఉండె, జగిత్యాల దిక్కు. రాత్రిపూట మల్లన్న కత చెప్పేటోడు. డోలు లేకపాయె, ప్లాస్టిక్ బకెట్ బోర్లేసి కొట్టేటోడు. మేమందరం వంత పాడేది. నడుమ ఆపి, ఇంటికాడున్నోళ్ళ పేర్లు జదివి దీవించేటోడు. నీ పేరు గూడ చెప్పిచ్చిన."

"ఒగ్గు కతల పేరు జదవాల్నంటే పైసలియ్యాలె గదా. ఏమిచ్చినవ్?"

"పైసలేడియి? ఖుబ్బూసు రొట్టె. నా పాలుది సగం." అని టీవీ సౌండ్ మళ్ళీ పెంచాడు.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే వారం కలుద్దాం. సల్లగుండుండ్రి.